ప్లాంటుకూ డ్యామ్‌కూ గేట్ పాస్: పోలీసు వెరిఫికేషన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

దామరచర్ల వైపు ప్లాంటు పనుల్లో ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర టైమ్ ఆఫీసులో ఉంటాను. పనికి వచ్చినవాళ్ల కాగితాలు చూసి గేట్ పాసులకు పంపడం నా డ్యూటీ. దేవరకొండ తండాల నుంచి, మక్తల్ నుంచి, అచ్చంపేట నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. షాద్‌నగర్ నుంచి ఎయిర్‌పోర్టు పనికి పోయే పిల్లలూ అడుగుతుంటారు. మనుషులు మారతారు గానీ అడిగేది అదే. అందుకే ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోండి.

## పనికి పోయే ముందు

నేను గవర్నమెంటు ఉద్యోగిని కాదు, కాంట్రాక్టు కూలీని. నాకెందుకు పోలీసు వెరిఫికేషన్?

మీకు జీతం ఇచ్చేది కాంట్రాక్టరే కావచ్చు, మీరు అడుగు పెట్టేది మాత్రం సర్కారు స్థలంలో. మా దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ విద్యుత్ ప్లాంటులో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదున్నాయి. అక్కడ కేబుల్ లాగే మనిషి ఎవరో, ఏ ఊరివాడో తెలియకుండా లోపలికి పంపరు. నాగార్జునసాగర్ సంగతి చూడండి. 2023 నవంబర్ చివర్లో డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య గొడవ జరిగి, కేంద్ర బలగాలు దిగాల్సి వచ్చింది. అలాంటి చోట గేటుకు గ్రీజు పెట్టేవాడికైనా, రంగులేసేవాడికైనా కాగితం ఉండాల్సిందే.

పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) తెచ్చాను. టైమ్ ఆఫీసులో వద్దన్నారు. ఎందుకు?

అది విదేశాలకు పోయేవాళ్లకు ఇచ్చేది. దుబాయ్, మస్కట్ వీసాలకు అది కావాలి. 500 రూపాయలు కట్టి, రోజు కూలీ పోగొట్టుకుని తెచ్చుకున్నవాళ్లను చూస్తే బాధనిపిస్తుంది. ఇక్కడి పనికి కావలసింది మీరుండే చోటి పోలీసులు ఇచ్చే వెరిఫికేషన్. మీ ఊరు ఎస్పీ కిందికి వస్తే ఎస్పీ ఆఫీసు, కమిషనరేట్ కిందికి వస్తే అక్కడి ఆఫీసు. ఏ కాగితం కావాలో మీ సూపర్‌వైజర్‌తో రాయించుకుని బయల్దేరండి. నోటిమాట నమ్ముకుని పోతే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది.

ఏమేం పట్టుకుని రావాలి?

ఆధార్, ఉంటే పాన్, చదువుకుంటే టెన్త్ మెమో, ఇంటి అడ్రస్ తెలిపే ఇంకో కాగితం, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఆరు. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు కూడా కావాలి. వాళ్లు మీ ఊళ్లోనే ఉండేవాళ్లయితే మంచిది. బావమరిది పేరు రాస్తే చాలాచోట్ల ఒప్పుకోరు.

ఆధార్‌లో పేరు ఒకలాగా, టెన్త్ మెమోలో ఇంకోలాగా ఉంది. ఏం చేయాలి?

నా దగ్గర ఆగిపోయే కాగితాల్లో ఎక్కువ ఇవే. కేసులున్నవాళ్ల కంటే పేరు తప్పుపడ్డవాళ్లే ఎక్కువసార్లు వెనక్కి పోతారు.

ఒకసారి తండా నుంచి ఒక వెల్డర్ వచ్చాడు. చేతి పని చూస్తే ఎవరైనా పిలిచి పెట్టుకోవాలనిపించేంత బాగుంది. మెమోలో ఇంటిపేరు ‘రామావత్’, ఆధార్‌లో ‘రమావత్’, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు బదులు ఉత్త ‘ఆర్’. తండ్రి పేరు చివర మెమోలో ‘నాయక్’ ఉంది, ఆధార్‌లో లేదు. తెలుగులో ఒక దీర్ఘమే తేడా. కంప్యూటర్లో ఇంగ్లిష్‌లో కొట్టేసరికి ముగ్గురు మనుషులయ్యారు. ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. అతని బదులు ఇంకొకరిని తీసుకున్నారు. ఆ ఫైలు పంపింది నేనే. మొదటిరోజే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది, చూడలేదు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు నేను చెప్పేదిది. చదువుకున్నవాళ్లయితే టెన్త్ మెమోనే అసలు అనుకోండి, మిగతావన్నీ దానికి కలపండి. మెమోలో పేరు మార్పించాలంటే స్కూలు హెడ్మాస్టరు ద్వారా బోర్డు దాకా పోవాలి, నెలలు పడుతుంది. ఆధార్ మార్చుకోవడం తేలిక, కానీ లెక్క ఉంది. పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని సెంటర్లో కుర్రాడు కొట్టిన స్పెల్లింగును ఓకే చెప్పే ముందు అక్షరం అక్షరం చదవండి. చదవడం రాకపోతే చదివే పిల్లలను వెంట తీసుకెళ్లండి. మధ్యలో పని ఆగకుండా ‘ఈ రెండు పేర్లూ నావే’ అని నోటరీ అఫిడవిట్ పెడితే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. రక్షణ సంస్థల్లో, ఎయిర్‌పోర్టులో దాన్ని నమ్ముకోవద్దు.

పాత కాగితాల్లో జిల్లా మహబూబ్‌నగర్ అని ఉంది, ఇప్పుడు మాది నారాయణపేట. తప్పుపడతారా?

తప్పుపట్టరు, కానీ ఫారంలో ఇప్పటి జిల్లానే రాయండి. 2016 దసరాకు ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది. పాత జిల్లా పేరు రాస్తే దరఖాస్తు పాత ఎస్పీ ఆఫీసుకు పోతుంది, అక్కడి నుంచి కొత్త చోటికి వచ్చేసరికి వారాలు గడుస్తాయి.

తండాలవాళ్లకు ఇంకో చిక్కు. 2018లో చాలా తండాలు సొంత పంచాయతీలయ్యాయి. ఆధార్‌లో ఇంకా పాత ఊరి పేరే ఉంటుంది. వెతుక్కుంటూ వచ్చిన కానిస్టేబుల్‌కు ఆ ఊళ్లో ‘అలాంటివాళ్లు ఇక్కడ లేరు’ అనే జవాబు దొరుకుతుంది. ఫారంలో తండా పేరు, పాత ఊరి పేరు, పోలీస్ స్టేషన్ పేరు మూడూ రాయండి.

## ఫారం నింపేటప్పుడు

బొంబాయిలో నాలుగేళ్లు పనిచేసి వచ్చాను. అది కూడా రాయాలా?

రాయాలి. పాలమూరు వాళ్లు దీన్నే ఎక్కువగా దాస్తారు, దాచాల్సిన పనే లేదు. గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారని ఇలాంటి ఫారాల్లో అడుగుతారు. అక్కడి గది అడ్రస్, స్టేషన్ పేరు రాస్తే అక్కడి పోలీసులకూ పంపి అడుగుతారు. ఆలస్యమవుతుంది, అంతే. రాయకుండా వదిలేస్తే, బ్యాంకు పుస్తకంలో భివండి బ్రాంచి కనిపించిన రోజున లేనిపోని అనుమానం మొదలవుతుంది. అడ్రస్ గుర్తులేకపోతే అప్పటి మేస్త్రీకి ఫోన్ చేసి కనుక్కోండి.

కేసు కోర్టులో కొట్టేశారు. ‘కేసులు లేవు’ అని టిక్ పెట్టొచ్చా?

ముందు ప్రశ్న సరిగ్గా చదవండి. ‘ఇప్పుడు కేసు నడుస్తోందా’ అని అడిగితే లేదనే రాయండి. ‘ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, కేసు పెట్టారా’ అని అడిగితే మాత్రం అవును అనే రాయాలి. పక్కనే కేసు నంబరు, కోర్టు, కొట్టేసిన తేదీ రాసి, తీర్పు కాపీ జతచేయాలి.

దీని మీద సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర విషయమైతే దాచినా యజమాని క్షమించొచ్చు. పెద్ద కేసును దాస్తే తీసేయొచ్చు. నిజం చెప్పినా కూడా, తీసుకోవాలా వద్దా అని ఆలోచించే హక్కు యజమానికి ఉంటుంది. అది ఉద్యోగాల గురించి ఇచ్చిన తీర్పు. కాంట్రాక్టు కూలీకి అంత రక్షణ ఉండదు, గేటు దగ్గర వద్దంటే వద్దనే. అయినా నా అనుభవంలో, ముందే రాసుకున్నవాళ్లలో చాలామందికి పాస్ వచ్చింది. దాచి దొరికినవాళ్లను మళ్లీ తీసుకోవడం నేను చూడలేదు.

గెట్టు పంచాయితీలో మా మీద, వాళ్ల మీద కేసులైనాయి. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. అది శిక్ష కిందికి వస్తుందా?

రాదు. చట్టం ఒప్పుకునే నేరాల్లో రాజీ పడితే అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 359వ సెక్షన్, పాత సీఆర్పీసీలో 320. కానీ కేసు అంటూ ఒకటి ఉండేది కదా, అడిగితే చెప్పాలి. లోక్ అదాలత్ అవార్డు కాపీ ఇంట్లో ఎక్కడ పెట్టారో వెతకండి. బియ్యం డబ్బాలో దాచి ఎలుకలు కొరికిన కాపీ ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. పోతే కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి తెచ్చుకోవచ్చు.

ఎలక్షన్లప్పుడు నన్ను ఎమ్మార్వో ముందు బైండోవర్ చేసిండ్రు. అది కేసా?

బైండోవర్ శిక్ష కాదు. గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడం. పాత సీఆర్పీసీలో 107, 110 సెక్షన్లు, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 126, 129. ఊళ్లో ఒకప్పుడు బెల్టు షాపు నడిపినా, ఒకసారి జెండా పట్టుకుని ముందు నిలబడినా ఎలక్షన్ వచ్చేసరికి పిలుస్తారు. అందుకే చాలామంది దీన్ని ఓ లెక్కలో పెట్టరు.

ఇక్కడే దెబ్బ తింటారు. ఇలాంటి ఫారాల్లో ‘అరెస్టు, జరిమానా, శిక్ష’తో పాటు ‘బాండ్ రాయించుకున్నారా’ అనే మాట కూడా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. అలా ఉంటే అవుననే రాయండి. ఏ సంవత్సరం, ఏ మండలం, ఎన్ని నెలలకు బాండ్ రాశారు, గడువు అయిపోయిందా, ఈ నాలుగూ చెప్పండి. గడువు దాటిన బైండోవర్ ఒక్కటే ఉంటే పాస్ ఆగిన సందర్భం నాకు గుర్తులేదు. రౌడీ షీట్ వేరు, అది స్టేషన్ రికార్డులో నడుస్తూనే ఉంటుంది. ఏళ్లుగా గొడవల్లో లేకపోతే మూసేయమని ఎస్పీకి అర్జీ పెట్టుకోండి.

తెలంగాణ ఉద్యమంలో రాస్తారోకో కేసు అయింది. ప్రభుత్వం ఎత్తేసిందన్నారు. నమ్మొచ్చా?

జీవో వచ్చినంత మాత్రాన కేసు పోదు. ప్రాసిక్యూటర్ కోర్టులో ఉపసంహరణ పిటిషన్ వేయాలి, జడ్జి ఒప్పుకోవాలి. మీ పేరు మీద ఆ ఆర్డర్ ఉందో లేదో కోర్టులో కనుక్కోండి. రైల్‌రోకో చేసినవాళ్లు ఇంకా జాగ్రత్త. రైల్వే చట్టం కేంద్రానిది, ఆ కేసులను రాష్ట్రం ఒక్కటే ఎత్తేయలేదు. అప్పట్లో కాలేజీ పిల్లలు, ఇప్పుడు పిల్లల తండ్రులు. పన్నెండేళ్ల తరవాత పాత సమన్లు బయటపడితే వచ్చే టెన్షన్ మామూలుది కాదు.

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో ఫైన్ కట్టాను. అది కూడా రాయాలా?

అవును. కోర్టులో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే శిక్ష పడినట్టే. హెల్మెట్ చలానాను ఎవరూ ఈ లెక్కలో చూడరు. డ్రైవర్, క్రేన్ ఆపరేటర్ పనికి వచ్చినవాళ్లకు మాత్రం తాగి నడిపిన కేసు నిజంగానే అడ్డం పడుతుంది. పడాలి కూడా.

పదిహేడేళ్లప్పుడు కేసు అయింది. ఇప్పుడు ఇబ్బందా?

పద్దెనిమిది నిండకముందు జరిగినదైతే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 24 ప్రకారం దాని వల్ల అనర్హత అంటుకోదు. పదహారు దాటాక చేసిన ఘోరమైన నేరానికి పెద్దవాళ్లలాగా విచారించి శిక్ష వేస్తే తప్ప.

అసలు నా మీద కేసు ఉందో లేదో నాకే తెలియదు. ఎలా చూసుకోవాలి?

మంచి ప్రశ్న, ఇంకా ఎక్కువమంది అడగాల్సింది. కొట్లాట అయినప్పుడు అవతలివాళ్లు కౌంటర్ కేసు పెట్టి ఉంటారు, మీరు బొంబాయి బస్సు ఎక్కి ఉంటారు. ఈకోర్ట్స్ యాప్ ఉచితం. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పేరు, సంవత్సరం కొడితే వస్తుంది. స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా మార్చి వెతకండి. కోర్టుకు రాకముందు ఎఫ్ఐఆర్ దశలో ఉన్నది అక్కడ కనిపించదు, దానికి తెలంగాణ పోలీస్ వెబ్‌సైట్ చూడాలి.

ఒకవేళ వాయిదాలకు పోక వారెంట్ ఉన్నట్టు తేలితే, వెరిఫికేషన్‌కు పోకముందే వకీలును పట్టుకుని వారెంట్ రీకాల్ చేయించుకోండి. సర్టిఫికెట్ కోసం స్టేషన్‌కు పోయి అటునుంచి అటే కోర్టుకు పోవాల్సి రావచ్చు.

## పోలీసులు విచారించేటప్పుడు

ఎవరు వస్తారు? ఏం అడుగుతారు?

స్పెషల్ బ్రాంచి వాళ్లు గానీ, స్టేషన్ కానిస్టేబుల్ గానీ వస్తారు. స్టేషన్ రికార్డు, దేశంలోని స్టేషన్లను కలిపే సీసీటీఎన్ఎస్ కంప్యూటర్ చూస్తారు, అందులో వేరే రాష్ట్రాల కేసులు కూడా కనిపిస్తాయి. ఆ తరవాత ఇంటికి వచ్చి ఇరుగుపొరుగును అడుగుతారు. ‘ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఏం చేస్తారు, గొడవలున్నాయా’, ఇంతే. పక్కింటివాళ్లతో మాటల్లేకపోతే ముందే వెళ్లి ఓసారి పలకరించి రండి. తమాషాకు చెప్పడం లేదు.

వాళ్లు వచ్చినప్పుడు నేను సైట్‌లో ఉన్నాను. ‘ఇంట్లో లేడు’ అని రాస్తే?

తిరిగి విచారణకు అడగొచ్చు. ఇంట్లోవాళ్లకు మీ ఆధార్ కాపీ ఇచ్చి ఉంచండి, కంపెనీ పేరు, సైట్ పేరు చెప్పడం నేర్పండి. ‘ఎక్కడికి పోయిండో తెల్వదు సార్’ అని ముసలి తల్లి భయంతో అన్న ఒక్క మాటకు నెల రోజులు పోయిన కుర్రాడిని ఎరుగుదును.

చాయ్ పైసలు అడిగితే ఇవ్వాలా?

ఇవ్వక్కర్లేదు. లంచాల మీద ఫిర్యాదు తీసుకునే ఏసీబీ నంబరు 1064. లంచం ఇవ్వడం కూడా నేరమే, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో అది మరీ స్పష్టమైంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవాళ్లకు రక్షణ ఉంది.

నా పేరు, మా నాన్న పేరు ఉన్న ఇంకొకాయన మీద కేసుంది. అది నాకు అంటగట్టారు.

మన దగ్గర ఒకే ఊళ్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు నలుగురుంటారు. స్టేషన్‌కు పోయి ఎఫ్ఐఆర్‌లో నిందితుడి వయసు, ఇంటి నంబరు, తల్లి పేరు, పుట్టుమచ్చలు మీవాటితో పోల్చి చూపించండి. ఆ కేసు వేరే మనిషిదని ఎస్సై రిపోర్టులో రాయిస్తే సరిపోతుంది. మాటతో పోనివ్వకండి, రాయించండి.

## గేటు దగ్గర

పాస్ వచ్చింది. ఫోన్ ఎందుకు తీసుకుంటున్నారు?

చోటును బట్టి నియమం మారుతుంది. హైదరాబాద్‌లో క్షిపణులు తయారుచేసే రక్షణ సంస్థల్లో ఫోన్ గేటు దగ్గరే పెట్టాలి. ప్లాంటులో కొన్ని విభాగాల్లోనే నిషేధం. ‘నిషేధిత ప్రాంతం’ అని బోర్డున్న చోట రీల్ చేస్తే పాస్ పోవడంతో ఆగదు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం దాకా పోవచ్చు. టర్బైన్ ముందు సెల్ఫీ దిగి స్టేటస్‌లో పెట్టిన పిల్లలను చూశాను. వాళ్లకు తెలియక చేసిన పని, అయినా పాస్ రద్దయింది.

ఎయిర్‌పోర్టు పాస్‌కు వేరే వెరిఫికేషనా?

వేరే. ఎయిర్‌పోర్టు ఎంట్రీ పర్మిట్ పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ కింద వస్తుంది. గేటు దగ్గర కాపలా కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్‌ది. పోలీసు విచారణతో పాటు భద్రతా అవగాహన క్లాసుకు కూడా కూర్చోవాలి. ప్లాంటు కోసం తెచ్చుకున్న పాత సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు.

సెక్యూరిటీ గార్డు పనికి ఏం చూస్తారు?

2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం భారత పౌరుడై, వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. నడవడిక విచారణ, శిక్షణ తప్పనిసరి. కోర్టు శిక్ష పడినవాళ్లను, పోలీసు లేదా సైన్యం నుంచి తప్పుడు నడవడికకు తీసేసినవాళ్లను పెట్టుకోకూడదు. ఏజెన్సీకి లైసెన్సు ఉందో లేదో మీరే ముందు అడగండి. యూనిఫాం డబ్బులు అడిగి లైసెన్సు చూపించనివాడి దగ్గర చేరొద్దు.

అన్నకు జ్వరం. అన్న పాస్ మీద ఒక్కరోజు నేను పోవచ్చా?

వద్దు. ఇద్దరి పాసులూ పోతాయి. ఫోటోలో మీరిద్దరూ ఒకేలా ఉన్నా వేలిముద్ర ఒప్పుకోదు.

## ఆగిపోయినా, రిజెక్ట్ అయినా

కారణం చెప్పకుండా రిజెక్ట్ చేశారు. ఎవరిని అడగాలి?

మొదట మీ కాంట్రాక్టర్ ద్వారా రాతపూర్వకంగా అడిగించండి. నూటికి నూరుపాళ్లు పోలీసుల దగ్గరే ఆగిందనుకోకండి, మా టేబుళ్ల దగ్గర ఫోటో అంటించక పడి ఉన్న ఫైళ్లూ ఉంటాయి. జవాబు రాకపోతే ఎస్పీ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ మీద పెట్టిన కేసే తప్పుడుదైతే దాన్ని కొట్టేయమని హైకోర్టుకు పోవచ్చు, ఖర్చుంటుంది.

ఏజెంటు ఐదు వేలు ఇస్తే వెరిఫికేషన్ లేకుండానే పర్మినెంటు చేయిస్తానన్నాడు.

కాంట్రాక్టు పాస్‌తో ఎవరూ పర్మినెంటు కారు. డబ్బు ఫోన్‌పేలో పంపి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకడం కష్టమవుతుంది.

## చిన్న కాంట్రాక్టర్లకు

బీహార్, ఒడిశా కూలీలకు వెరిఫికేషన్ ఎక్కడ చేయించాలి?

వాళ్ల సొంత ఊరి పోలీసుల దగ్గర నుంచే రావాలి, ఇక్కడి స్టేషన్‌లో వివరాలు ఇవ్వడం అదనం. ట్రైన్ ఎక్కకముందే అక్కడ దరఖాస్తు పెట్టమనండి. ఇక్కడికి వచ్చాక మొదలుపెడితే షెడ్డులో కూర్చోబెట్టి తిండి పెట్టే ఖర్చు మీదే. మేస్త్రీ ఒకే ప్రింటులో ముప్పై మందికి సర్టిఫికెట్లు తెస్తే సీరియల్ నంబర్లు చూడండి. సంతకం ఒకే చోట, ఒకే వంకరతో ఉంటే అది స్కాన్ చేసినది. నకిలీ కాగితాన్ని తెలిసి పెట్టినవాళ్ల మీదా కేసవుతుంది.

నా ఫర్మ్‌ను బ్లాక్ లిస్టులో పెడతామంటున్నారు. నోటీసు లేకుండా పెట్టొచ్చా?

పెట్టకూడదు. మీ మాట వినాలని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. నోటీసులో ‘బ్లాక్ లిస్ట్ చేయబోతున్నాం’ అని స్పష్టంగా ఉండాలని 2014లో గూర్ఖా సెక్యూరిటీ కేసులో చెప్పింది. కేంద్ర సంస్థల పనుల్లో కేంద్రం ఆర్థిక నిబంధనలు జీఎఫ్ఆర్ 2017లోని 151వ నియమం నడుస్తుంది. అవినీతి నిరోధక చట్టం కింద శిక్ష పడితే మూడేళ్ల వరకు, టెండర్ నిజాయితీ నియమాలు తప్పితే రెండేళ్ల వరకు పక్కన పెట్టొచ్చు. భాగస్వామి మీద కేసుందని తెలిస్తే టెండర్ అఫిడవిట్‌లో మీరే రాయండి.

కూలీ పని మానేసి పోయాడు. పాస్ సంగతి?

అదే రోజు వెనక్కి తీసుకుని గేటులో అప్పగించి రసీదు తీసుకోండి. చివరి హాజరీ డబ్బులు ఇచ్చేటప్పుడే పాస్ అడగడం అలవాటు చేసుకుంటే, ఊరికి పోయినవాడి జేబులో అది ఉండిపోదు.